సూర్యునికి నాలుగో దుప్పటి

కోడుమూరు
20 జనవరి 1947

కొండ మీద ఉన్న మా ఇంటివారికి కృపమణి వందనాలు.

మీ మొదటి ఉత్తరం బుధవారం వచ్చింది. ఆదివారం దాకా విప్పలేదు. విప్పనివ్వలేదు. "లేవిగానికి ఆ సూర్యుణ్ణి సూసే ఆఫీసులో పని దొరకల్లని సంఘమంతా ఉపాసముండి ప్రార్థన చేసినాము. ఉత్తరం సంఘానిది" అని దావీదురాజు పెద్దయ్య తీర్పు చెప్పినారు. క్రిస్మసు పాటల్లో ఆయన కళ్ళద్దాలు కిందపడి పగిలినాయి. అందుకని, ప్రకటనలు అయినాక, దీవెనకు ముందు, నన్ను లేచి చదవమన్నారు. నాలుగో తరగతి దాకా ఎందుకు చదివినానా అని అప్పుడు అనిపించింది.

ముసుగు సర్దుకొని చదివినాను. రైలు, బస్సు, కొండ, అరవ మాటలు, అన్నీ బాగానే చదివినాను. తర్వాత మీరు ఏమి రాసినారో మీకు జ్ఞాపకం ఉందా? "ఇక్కడ మూడు దుప్పట్లు కప్పుకున్నా వెచ్చ రాదు, పక్కన నీవు లేవు గనుక" అని రాసినారు. ముందు వరసలో అత్త, వెనుక ముప్పై ఇండ్లవాళ్ళు, వాకిట్లో కోళ్ళు. "మూడు దుప్పట్లు కప్పుకున్నా" వరకు నోట్లోంచి వచ్చేసింది. ఇక వెనక్కు తీసుకోలేను. "...డు సూర్యుడు" అని ముగించినాను.

సూర్యుడు మూడు దుప్పట్లు కప్పుకున్నాడు. ఊరంతా ఇప్పుడు అదే మాట.

"ఆయప్పకు మూడెందుకమ్మా? నాకు ఒక్కటే ల్యాదు" అని ముసలి ఓబులమ్మ అడిగింది. గుడి ఎదురుగా దూది ఏకే హుసేన్ వలి మామ విల్లు పక్కన పెట్టి కిటికీ దగ్గరికే వచ్చినాడు. "మూడింట్లో దూదిది ఏది పాపా? అడుగుదా, పైదా? రాసి కనుక్కో. దుప్పటి పని నా పని" అన్నాడు. అందుకే అడుగుతున్నాను. దూదిది ఏది?

ఇక మీదట చలి గురించి రాస్తే చలి వరకే రాయండి. నా మాట వద్దు. అత్త బాగున్నది. నల్ల మేక ఈనింది.

ఇట్లు,
మీ ఇంట్లో ఉన్న
కృపమణి

*

కొండ మీది ఆఫీసు
30 జనవరి 1947

కృపమణికి లేవి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదువుతూ నవ్వితే చేతిలోని అద్దపు పలక జారబోయింది. అది ఆ ఉదయం సూర్యుని బొమ్మ తీసిన పలక. జారి ఉంటే నేను ఈపాటికి కోడుమూరులోనే ఉండేవాణ్ణి. దొరగారు ఎందుకు నవ్వినావని అడిగినారు. చెప్పక తప్పలేదు. ఆయన నవ్వలేదు. "నీ భార్య సరిగానే చెప్పింది" అన్నారు!

విను. సూర్యునికి గాలి ఉంది. అది మూడు పొరలు. మనకు రోజూ కనిపించే ముఖం మొదటి పొర. దాని మీద పలుచగా, ఎర్రగా, అంచు మాత్రంగా రెండోది. ముఖం వెలుగులో అది కనబడదు. గ్రహణం నాడు చంద్రుడు ముఖాన్ని పూర్తిగా మూసినప్పుడు, కొన్ని క్షణాలు, సిగ్గుపడినట్టు ఎర్రగా తొంగిచూస్తుంది. మా ఆఫీసులో ఒక్క రంగు వెలుతురును మాత్రమే లోపలికి వదిలే పెట్టె ఉంది. దానితో గ్రహణం లేకున్నా రోజూ ఆ పొర బొమ్మ తీస్తారు. పొద్దున్నే అద్దాలు తుడిచి, కప్పు తలుపు తీసేది నేనే. మూడోది కిరీటం. తెల్లగా, ముత్యం రంగులో, లక్షల మైళ్ళు చెదిరి ఉంటుంది. దాన్ని నేనూ చూడలేదు. మూడింటిలో ఏదీ దూది కాదని హుసేన్ వలి మామకు చెప్పు.

కింది మాటలు అమ్మకు చదివి వినిపించు. ఒక్క అక్షరం వదలవద్దు.

అమ్మా, ఆఫీసు వెనుక రాతి గది ఒకటి ఏప్రిల్ ముప్పయ్యో తేదీన ఖాళీ అవుతుంది. కుటుంబం దగ్గర ఉన్నవాళ్ళకే ఇస్తారు. తోటమాలి కూడా అడుగుతున్నాడు. అతనికి భార్య, నలుగురు పిల్లలు, ఒక మేక సిద్ధంగా ఉన్నారు. నాకు ఎవరూ లేరు. ఆ తేదీలోగా కృపమణిని పంపించు. ఆ గది పోతే మళ్ళీ ఎన్నేళ్ళకో.

ఇట్లు,
అద్దాలు తుడిచే చేతితో
లేవి

*

కోడుమూరు
10 ఫిబ్రవరి 1947

మా ఇంటివారికి కృపమణి వందనాలు.

మూడు పొరలు మీరు రాసింది రాసినట్టే చదివినాను. కిరీటం దగ్గర ఓబులమ్మ లేచి నిలబడింది. "మా అమ్మ చూసింది. నేను సంకలో ఉన్న్యానంట. పట్టపగలు చీకటై కోళ్ళు గంప కిందికి దూరినాయంట. నల్లటి పొద్దు సుట్టూ తెల్లటి జుట్టు ఇరబోసుకోని ఉన్న్యాదంట. నేను చెప్తే నగితిరి గదా, ఇప్పుడు దొర చెప్పినాడు సూడండి" అని ఏడ్చింది. అరవై ఏళ్ళుగా ఆమె మాట ఎవరూ నమ్మలేదట.

అంతవరకు బాగుంది. తర్వాత మీ కింది మాటలు వచ్చినాయి.

"అమ్మా" అని చదివినాను. అది మీరు రాసినదే. అత్త తలెత్తి నా వైపు చూసింది. ఒక కోడలు నిలబడి, తనను మొగుడి దగ్గరికి పంపమని, తన నోటితో తానే చదవడమా? అదీ గుడిలోనా? మీరు మగవాళ్ళు, మీకు తెలియదు. నా చెవులు కాలిపోయినాయి. "అమ్మా, ఈ మూడూ చాలడం లేదు. నాలుగోది లేకనే మన సీమలో ఇంత ఎండ" అని చదివినాను.

గుడిలో ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

"నాలుగోది కప్పితే ఇంకా ఉడుకు పుడ్తాది గదా!" అని పెద్దయ్య అంటే, కిటికీ నుంచి హుసేన్ వలి మామ, "అదే మీకు తెలీంది. దుప్పటి ఉడుకు పుట్టియ్యదప్పా, లోపల పెట్టి మూస్తాది. కప్పుకున్యోనికి వెచ్చగుంటాది, బయట నిలబడినోనికి ఏమొస్తాది? మనం బయట ఉండాము" అన్నాడు. పెద్దయ్య తల ఊపినారు. నాకు కూడా సరిగానే ఉన్నట్టు తోచింది.

కురువ మారెన్న నేసిన పెద్ద నల్ల గొంగళి సంఘం తరఫున పంపాలని తీర్మానం అయింది. ఎండాకాలం ముదరకముందే అందాలని ఈ రోజే పార్సిలు కట్టినారు. మీకు పుణ్యం ఉంటుంది, తిప్పి పంపవద్దు.

అత్త ఇంటికి వచ్చేటప్పుడు, "కాయితం జానెడు ల్యాదు, సదివింది మూరెడు వచ్చె. నీ చెవులేంది పాపా అట్ల ఎర్రగయినాయి, ఎండకా?" అని అడిగింది. ఎండకే అన్నాను.

ఇట్లు,
తప్పు చేసిన
కృపమణి

*

కొండ మీది ఆఫీసు
3 మార్చి 1947

కృపమణికి,

గొంగళి అందింది. నీ ఉత్తరం ఇంకా అందలేదు. ఇక్కడి తపాలా ఆవుల మీద వస్తుందేమో తెలియదు. పార్సిలు విప్పితే లోపల చీటీ: "పైన కప్పవలెను. కోడుమూరు సంఘము." నా చలి గురించి మీరంతా ఇంత దిగులు పడుతున్నారని తెలియక, అమ్మ మీద లోపల లోపల కోపం పెట్టుకున్నాను. సిగ్గువేసింది. ఆ రోజు నుంచి గొంగళి కప్పుతున్నాను. బ్రహ్మాండంగా ఉంది. అందరికీ చెప్పు.

కానీ గొంగళి పంపినవాళ్ళు మనిషిని ఎందుకు పంపలేదు? గది విషయం అమ్మ ఒక్క ముక్క చెప్పించలేదు. వద్దంటే వద్దని చెప్పించవచ్చు. లేక వద్దన్నది నీవేనా? పెళ్ళయిన ఆరు నెలల్లో నీవు నాతో మాట్లాడినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. "నీళ్ళు తోడినాను," "అత్త పిలుస్తాంది," "ఊహూ." నీకు నేను నచ్చలేదేమోనని అప్పుడప్పుడు అనిపించేది. ఇప్పుడు రోజూ అనిపిస్తుంది.

పనిలో కొత్త సంగతి ఒకటి. సూర్యుని ముఖం ఆరువేల డిగ్రీల వేడి. దూరం పోయేకొద్దీ చల్లబడాలి కదా? ముఖం దాటినాక కొంచెం తగ్గుతుందట, తర్వాత తిరిగి పెరుగుతుందట. అన్నిటికీ బయట, ఎంతో దూరాన ఉన్న ఆ తెల్ల కిరీటం పది లక్షల డిగ్రీలు ఉంటుందని పై దేశాల పండితులు ఈ మధ్యే లెక్కగట్టినారు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదట. దొరగారే తల గోక్కుంటున్నారు. నేను అద్దాలు తుడుచుకుంటున్నాను.

ఇట్లు,
లేవి

*

కోడుమూరు
24 మార్చి 1947

మా ఇంటివారికి కృపమణి వందనాలు. ముందు కోపం తగ్గించుకొని తర్వాత చదవండి.

ఈపాటికి నా వెనుకటి ఉత్తరం అంది ఉంటుంది. ఆ గొంగళి మీకు కాదని తెలిసి ఉంటుంది. నేను పదహారో తేదీ ఆదివారం చదివినది "గొంగళి కప్పుతున్నాను, బ్రహ్మాండంగా ఉంది" అన్న రెండు మాటలు, చివర కిరీటం వేడి సంగతి, అంతే. ఈసారి అబద్ధం ఒక్కటి కూడా కలపలేదు. అయినా ఏమైందో చూడండి.

పద్దెనిమిదో తేదీ మబ్బు పట్టింది. పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, వాన. మార్చిలో! కళ్ళాల్లో జొన్న తడిసి మొలకెత్తింది. మనది రెండు బండ్ల కంకి. అత్త మొలకలు దోసిట్లో పట్టుకొని గుడిలోకి వచ్చి బల్ల మీద పోసింది. "నాలుగోది తీసెయ్యమనండి" అని సగం మంది. కొర్ర చేలు దున్నుకోవాలని ఉన్న మిగతా సగం "ముట్టుకోవద్దు, ఇంగో వారం ఉండనీ" అని. పెద్దయ్య రెండు పక్షాలను కూర్చోబెట్టి మధ్యస్థం చేసినారు. గొంగళి పూర్తిగా తీయవద్దట. కళ్ళాలు పడమట ఉన్నాయి కనుక పడమటి కొసను రెండు మూరలు మడిస్తే చాలునట. ఇది రాయమని నా పక్కనే నిలబడినారు, రాసినాను. తర్వాత ఆయన పోయినారు.

కిరీటం వేడి సంగతికి హుసేన్ వలి మామకు నిజంగా కోపం వచ్చింది. "పొయ్యి కాడ కంటే గడప కాడ ఉడుకెక్కువనా? అట్లయితే కుండ గడప మీద పెట్టి వండుకోమను ఆ దొరను. ముప్పై ఏండ్లుగా పరుపులు కుడ్తాండా, నాకు చెప్పొచ్చినాడు!" అని. నాకు మాత్రం అది నిజమేనని వెంటనే అనిపించింది. ఎందుకో ఇప్పుడు రాయను.

వద్దన్నది నేను కాదు. అత్త కూడా కాదు. ఆమెకు గది సంగతే తెలియదు. నేను చదవలేదు. మూడుసార్లు చదువుదామనుకున్నాను. ఇంట్లో, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు కూడా. ఆమె చాటలో రాళ్ళు ఏరుతూ "ఏంది పాపా?" అంటుంది. "ఏమీ లేదత్తా" అంటాను. మీరు పెద్దయ్యకు నేరుగా రాస్తే ఆయన వేదిక మీదికెక్కి చదివిస్తారు, అదీ నాతోనే. ఇంకొక భయం. ఆయన కొత్త కళ్ళద్దాలు కర్నూలులో తయారవుతున్నాయి. ఈస్టరు దాటితే మీ ఉత్తరాలు ఆయనే చదువుతారు. ఉన్నది ఉన్నట్టు.

మీరు నచ్చలేదని ఎవరన్నారు?

ఇట్లు,
కృపమణి

*

కొండ మీది ఆఫీసు
5 ఏప్రిల్ 1947

కృపమణికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందినాయి. చదివి మూడు గంటలు కోపంగా ఉన్నాను. తర్వాత పడమటి కొస మడిచే సంగతి మళ్ళీ చదివినాను. కోపం నిలవలేదు. ఇక్కడ కూడా ఎండ కాస్తున్నది కనుక గొంగళి మొత్తమే మడిచి పెట్టినాను. ఈ మాట వాళ్ళకు ఎట్లా చెబుతావో నీ ఇష్టం.

తోటమాలి తన మేకను తెచ్చి రాతి గది ముందు కట్టేసినాడు. గుమాస్తా పుస్తకంలో నా పేరుకు ఎదురుగా "కుటుంబం: లేదు" అని పెన్సిలుతో రాసినాడు. ఇంకు పెట్టేది ముప్పయ్యో తేదీన. అంతవరకు చెరపవచ్చు.

దీనితో వేరే కాగితం పెడుతున్నాను. అందులో ఒకటే వాక్యం ఉంది. సూర్యుడు లేడు, చలి లేదు, దుప్పటి లేదు. మార్చడానికి నీకు ఏమీ దొరకదు. అది చదువు. చదవలేకపోతే ఆ కాగితం నీ దగ్గరే ఉంచుకో. నేను ఇక అడగను.

ఇట్లు,
లేవి

*

కోడుమూరు
21 ఏప్రిల్ 1947

మా ఇంటివారికి,

ఈ ఉత్తరం గుడిలో చదివేది కాదు.

మీకు దావీదురాజు పెద్దయ్య కార్డు అంది ఉంటుంది. "గొంగళి విచారణ నిమిత్తము సంఘ ప్రతినిధిగా శ్రీమతి కృపమణిని పంపుచున్నాము" అని ఉంటుంది. అది చూసి మీకు ఏమీ అర్థమై ఉండదు. జరిగింది చెబుతాను.

పన్నెండో తేదీ శనివారం కళ్ళద్దాలు వచ్చినాయి. పదమూడో తేదీ ప్రకటనలు అయినాక పెద్దయ్య వాటిని పెట్టుకొని, అందరినీ ఒకసారి కలియజూసి, చెయ్యి చాచినారు. "ఇట్లియ్యి పాపా. ఈ పొద్దు నేనే సదువుతా."

నేను ఇవ్వలేదు. కాగితాన్ని వెనక్కు పెట్టుకొని "నేనే చదువుతాను" అన్నాను. ఆ గుడిలో కాగితం చూడకుండా నేను అన్న మొదటి మాట అదే. పెద్దయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నారు.

మీరు వేరుగా పెట్టిన కాగితం విప్పినాను. ఒకటే వాక్యం. మీరు చెప్పినట్టే అందులో పట్టుకొని తప్పించుకోవడానికి ఏమీ లేదు. నోరు తెరిచినాను. "సూర్యుడు..." అని వచ్చింది.

"కూసో" అని అత్త లేచింది. నేను కూర్చోలేదు. అత్త సంఘం వైపు కాదు, నా వైపు తిరిగి మాట్లాడింది.

"నాకు అచ్చరాలు రావు. నీ చెవులొస్తాయి. నీ చెవులు ఎర్రబడినప్పుడంతా సూర్యుడొస్తాండాడు. ఎర్రబడకపోతే రైలొస్తాది, బస్సొస్తాది, అరవోళ్ళొస్తారు. మూడు దుప్పట్లంట! నా కొడుకు పాలు తాగే నాటినుంచి మూడు గుడ్డలు కప్పందే కన్ను మూయడు. ఆ దుప్పట్లు యా సూర్యునివో నాకు తెలీదనుకుంటివా? జనవరి నుంచి సూస్తాండా, ఎప్పుడు చెప్తావో అని. మొగుని కాడికి పోతానని అత్తకు చెప్పలేనిదానివి, ఆ అరవ దేశంలో అంగడికి పోయి ఉప్పెట్ల అడుగుతావు? సదువు. ఉండేది ఉండేటట్టు సదువు."

గుడి బయట దూది విల్లు చప్పుడు ఆగిపోయింది.

చదివినాను. "అమ్మా, నా భార్య లేకుండా నేను ఉండలేను, కృపమణిని పంపించు." ఎనిమిది మాటలు. ఒక్కొక్కదానికి ఒక ఆదివారం పట్టినట్టుంది. చదివి తల ఎత్తితే పైకప్పు ఊడి పడలేదు. పెద్దయ్య కాగితం తీసుకొని, కళ్ళద్దాలను ముక్కు మీద జరిపి, అక్షరం అక్షరం సరిచూసి, "ఉండేదే సదివింది" అని సంఘానికి ప్రకటించినారు. ఓబులమ్మ ఆమేన్ అంది.

ఇంతటితో ఊరికి నిజం తెలిసిందని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. "దుప్పట్లు ఆయనవి, సూర్యునివి కాదు, గొంగళి కూడా ఆయనే కప్పుకున్నాడు, ఇప్పుడు మడిచి పెట్టినాడు" అని ఆ ఊపులో అదీ చెప్పేసినాను. ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టినాక ఆపడం చేతకాలేదు. హుసేన్ వలి మామ కిటికీలోంచి, "మరి వానెట్ల వచ్చె?" అన్నాడు. అంతే. అందరూ ఆయన వైపు తిరిగినారు. "లేవి కప్పుకుంటే వానొచ్చె. మడిచిపెడితే మళ్ళా ఎండ కాసె. ఆ పిల్లోడు సూర్యుని కాడ పనిచేస్తాండాడు గదా, ఏం సంబంధముందో ఎవురికి తెలుసు?" పొయ్యి కంటే గడప వేడి అయినప్పుడు ఇది మాత్రం ఎందుకు కాకూడదని పెద్దయ్య అన్నారు. దొరకే అర్థం కానిది మనకు అర్థం కానక్కరలేదట. తీర్మానం ఏమంటే, జూన్ నెల మొదటి వారంలో, కొర్ర విత్తేటప్పుడు, మీరు ఆ గొంగళి కప్పుకోవాలి. జొన్న కళ్ళాల నాడు ముట్టకూడదు. అది చూసుకోవడానికి నమ్మకమైన మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషిని నేను.

కనుక నేను వస్తున్నది సంఘం పని మీద. మీరు నవ్వకూడదు. మారెన్న ఇంకొక గొంగళి ఇచ్చినాడు, మొదటిది చిరిగితే వానలు ఆగిపోతాయని. హుసేన్ వలి మామ బొంత కుట్టి ఇచ్చినాడు. అది వానకు కాదు, నాకు.

అత్త మూట కడుతూ, ఒకే మాట అంది. "ఇంగ మీదట పెద్దయ్య సదువుతాడు. ఉండేది ఉండేటట్టు సదువుతాడు. ఏం సుకం?" నేను నెలకొకసారి ఆమెకు వేరే కాగితం రాస్తానన్నాను. "అబద్దాలు రాయల్ల" అంది. రాస్తాను. మీరు కూడా నాలుగు చెప్పండి.

రేపు పొద్దున డోను దాకా బండి. అక్కడి నుంచి రైలు. పెద్దయ్య మద్రాసు దాకా తోడు వస్తారు, అక్కడ మన పాస్టరుగారి భార్య చుట్టాలు నన్ను మీ వైపు రైలు ఎక్కిస్తారు. ఇరవై ఐదో తేదీకి చేరతాను. గుమాస్తాతో పెన్సిలు గీత చెరపమని చెప్పండి.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. నాతోనే తెస్తున్నాను. స్టేషనులో మీ చేతికి ఇస్తాను. ఎందుకంటే మీ ఎదుట నిలబడితే నేను మళ్ళీ "ఊహూ" అనే అంటాను, నాకు తెలుసు. దగ్గరికి వచ్చేకొద్దీ నేను చల్లబడిపోతాను. ఇక్కడ, నాలుగు వందల మైళ్ళ దూరాన, ఎంత మండుతున్నానో మీ దొరగారి పెట్టెకు కూడా అందదు. దూరాన ఉన్నదే ఎక్కువ వేడి అని మీరు రాసినప్పుడు, ప్రపంచంలో ఎవరికీ అర్థం కాలేదన్నారు. నాకు అర్థమైంది.

నేను ఏమీ మాట్లాడకుండా నిలబడితే, నచ్చలేదని అనుకోవద్దు. ముసుగు కొంచెం పక్కకు జరిపి, చెవులు చూడండి.

కృపమణి